తల్లి వృత్తి

స్కాలర్‌షిప్పు తెచ్చుకోవడం కంటే దాన్ని నిలబెట్టుకోవడం కష్టమని మా కాలేజీ గుమాస్తా మొదటి ఏడే చెప్పాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. గుంటూరులో బీయస్సీ, లెక్కల గ్రూపు. బీసీ పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పుతోనే నా ఫీజు, దాంతోనే హాస్టల్లో మెస్సు బిల్లు. అది ఆగిపోతే పెట్టె సర్దుకుని ప్రత్తిపాడు బస్సెక్కి, అక్కడ దిగి ఆటో పట్టుకుని మా ఊరు చేరడం తప్ప నాకు వేరే దారి లేదు. అందుకని వాళ్ళు పెట్టిన షరతులన్నీ నోటికి వచ్చేదాకా చదువుకున్నాను. అన్ని సబ్జెక్టులూ ప్యాసవ్వాలన్నారు, అయ్యాను. నూటికి డెబ్బై అయిదు రోజులు హాజరుండాలన్నారు, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కూడా వెళ్ళి పేరు పిలిస్తే పలికాను. ఏటా కొత్తగా ఆదాయ ధ్రువపత్రం తేవాలన్నారు. దాని గురించి నాకు బెంగే లేదు. మా ఇంట్లో లేనిదే ఆదాయం. లేనిదాన్ని లేదని రాయించుకోవడానికి కష్టమేముంది?

రెండో ఏడు, అంటే రెండు వేల మూడు జులైలో, రెన్యువల్ ఫారం నింపాను. తండ్రి వృత్తి దగ్గర వ్యవసాయం, తల్లి వృత్తి దగ్గర గృహిణి. కిందటేడు ఏం రాశానో అదే రాశాను. కిందటేడు మండలాఫీసులో అర్జీ ఇస్తే వారంలో ముద్ర కొట్టి పంపారు, ఎవరూ ఇంటికి రాలేదు. ఈ ఏడు కొత్త అధికారి వచ్చి, ప్రతి అర్జీకీ ఊళ్ళోకి వెళ్ళి విచారణ చేసి రావాల్సిందేనని హుకుం జారీ చేశాడట. ఆ సంగతి నాకు తెలియదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం అమ్మ హాస్టలుకి వచ్చింది. మా పెద్దమ్మ గుంటూరులోనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులని కబురు చేస్తే అమ్మ వెళ్ళి పది రోజులు సాయం ఉండి వస్తుంటుంది. అలా వచ్చినా హాస్టలుకి మాత్రం రాదు, ఆ ఒక్కసారే వచ్చింది. గేటు దగ్గర చెట్టు కింద కూర్చున్నాం. చేతులు రెండూ పమిట కింద దాచుకుని కూర్చుంది. నేను దువ్వెన, నూనె సీసా తెచ్చి జడ వెయ్యమన్నాను. నా తల దువ్వడమంటే ఆవిడకి ప్రాణం, చిన్నప్పటి నుంచీ నా జడ ఇంకొకళ్ళని ముట్టనిచ్చేది కాదు. ఆరోజు మాత్రం, "నువ్వే వేసుకో, పెద్దదానివయ్యావుగా" అంది. నా చెంప కూడా ముట్టుకోలేదు. పావుగంటలో లేచి వెళ్ళిపోయింది. నేనేం తప్పు చేశానో అర్థం కాక ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. తర్వాత కోపం వచ్చింది. నాకు కోపం త్వరగా వస్తుంది, పోవడమే ఆలస్యం.

దసరా సెలవులకి ఊరు వెళితే ఇంకో వింత. వీధి మొదట్లో సైకిలు షాపు కోటేష్ నన్ను చూసి, పంక్చరు వేస్తున్నవాడు లేచి నిలబడి నవ్వాడు. ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఎవరో నా రంగు బాగా తేలిందన్నారు, ఇంకెవరో నేను కాస్త లావైతే బాగుంటానన్నారు. ఇంట్లో అడుగు పెట్టి, ఏమైంది వీళ్ళందరికీ అని నాన్నని నిలదీశాను.

నాన్న పేరు అంకమ్మరావు. గట్టిగా మాట్లాడడం ఆయనకి చేతకాదు. నసుగుతూ చెప్పిన దాన్నిబట్టి నాకు తెలిసిందిది. శ్రావణమాసంలో ఒక మొగుడూ పెళ్ళామూ మోటారుసైకిలు మీద వచ్చారు. ఆయన తెల్లచొక్కా, చంకలో తోలుసంచి. ఆవిడ పట్టుచీర, తలనిండా మల్లెపూలు. కోటేష్ దగ్గర ఆగి అంకమ్మరావుగారి ఇల్లు ఎక్కడన్నారు, వాళ్ళమ్మాయి గుంటూరులో చదువుతోంది కదా అన్నారు, పొలం ఎంత ఉందన్నారు. ఆ రోజు మా ఇంటికి తాళం. నాన్న పత్తికి మందు కొడుతూ చేలో ఉన్నాడు, అమ్మ పెద్దమ్మ దగ్గరుంది. దాంతో వాళ్ళు పక్కింటి బసవమ్మత్త అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, నా గురించి అరగంట అడిగి వెళ్ళిపోయారు. పేరూ ఊరూ చెప్పలేదు.

"కబురు పంపుతారేమోనని చూస్తున్నా," అన్నాడు నాన్న.

డిగ్రీ అయ్యేదాకా పెళ్ళి ఊసెత్తితే ఊరుకోనని ఎగిరాను. నేనెత్తానా, వాళ్ళెవరో నాకే తెలియదు గదా అని ఆయన నావైపు బిత్తరచూపులు చూశాడు. ఆయన అయోమయం నిజమేనని తెలుస్తూనే ఉంది. అమ్మ మాత్రం బసవమ్మత్త పేరు వినపడగానే లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. మా పెరట్లో మునగచెట్టు కొమ్మ గోడ దాటి వాళ్ళ వైపు వంగిందని బసవమ్మత్త కొడుకు కొట్టేశాడు, కాయలున్న కొమ్మ. అంతే. అప్పటి నుంచీ ఒకళ్ళ గుమ్మం ఒకళ్ళు తొక్కలేదు.

ఆ సెలవుల్లోనే ఒకరోజు పొద్దున పెరటిగోడ మీద స్టీలు గిన్నె కనపడింది. నిండా మజ్జిగ, పైన వెన్నముద్ద. మాకు గేదె లేదు. ఇదెక్కడిదని అమ్మనడిగితే, "పిల్లి పెట్టిందేమో" అంది, నవ్వకుండా. సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి అదే గోడ మీద ఉంది. ఆ ఇంట్లో నాకు తెలియనిదేదో నడుస్తోందని చిరాకు పడ్డాను గానీ, రెండు రోజులకి మర్చిపోయాను.

సెలవులయ్యాక కాలేజీ నోటీసు బోర్డులో రెన్యువల్ జాబితా పెట్టారు. నా పేరు లేదు. కింద ఇంకో చిన్న జాబితా ఉంది, అందులో ఉంది. ఎదురుగా ఆదాయం పరిమితికి మించినది అని రాశారు. రెండుసార్లు చదివాను. ఇంటిపేరు నాదే, తండ్రి పేరూ మా నాన్నదే. గుమాస్తా దగ్గరికి పరిగెత్తితే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, ఇక్కడ చేసేదేమీ లేదు, మీ మండలాఫీసులో తేల్చుకుని నెలలోపు కొత్త పత్రం తెస్తే సరి, లేకపోతే హాస్టలు ఖాళీ చెయ్యాలి అన్నాడు. ఏ రైతు కాగితాలో మా కాగితాల్లో కలిసిపోయాయనే అనుకున్నాను.

నాన్నని తీసుకుని మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ. గారి పేరు శివరామకృష్ణ. ఆయన కూడా మండలానికి కొత్త. మమ్మల్ని కూర్చోమన్నాడు, అదే మాకు ఆశ్చర్యం. ఫైలు తీసి తన విచారణ నివేదిక తనే చదివాడు. సొంత పొలం నాలుగు ఎకరాలు, బోరు కలదు. ఒక జత ఒంగోలు ఎడ్లు కలవు. ప్రస్తుతం రేకుల ఇల్లు, డాబా నిర్మించుటకు సిద్ధముగా ఉన్నారు. భార్య తరచు గుంటూరులోని అక్కగారి మేడకు వెళ్ళి విశ్రాంతి తీసుకొనును. కుమార్తె చదువు ఖర్చు వీరికి ఒక లెక్క కాదు.

నేను నోరు వెళ్ళబెట్టాను. మాకు సెంటు సొంత భూమి లేదు, నాన్న రెండెకరాలు కౌలుకి చేస్తాడు. ఎడ్లు మావే గానీ మేత లేక వినుకొండ వైపు మా మేనమామ ఇంట్లో ఉంచాడు. డాబా మాట మేమెన్నడూ అనుకోలేదు. ఇక మా పెద్దమ్మ ఉండేది ఒంటిగది అద్దెకొంపలో. ఈ కుటుంబం ఎవరిదండీ అని కాస్త గట్టిగానే అడిగాను. మీదేనమ్మా, మీ వీధివాళ్ళే చెప్పారు, ఒక్కొక్కటీ రాసుకున్నాను అన్నాడాయన. ఆయన కూడా తికమకపడుతున్నాడు.

నాన్న అప్పటిదాకా ఆయన ముఖాన్నే చూస్తున్నాడు. "సారూ, తమరు శ్రావణమాసంలో అమ్మగారితో బండి మీద వచ్చారా?" అన్నాడు మెల్లగా.

వచ్చాడట. మా పక్క ఊళ్ళో ఆయన బావమరిది గృహప్రవేశం. దారిలోనే కదా అని ఈ విచారణ పూర్తిచేసుకుని పోదామనుకున్నాడు. ప్రభుత్వం తరపున ఎవరొచ్చినా ముందు తలారి వస్తాడు మా ఊళ్ళో, వెనక అధికారి వస్తాడు. ఆ రోజు తలారికి మలేరియా. ఎదురుగా పట్టుచీర, మల్లెపూలు, గారూ అండీ అనే మర్యాద. పిల్ల గురించి, పొలం గురించి ప్రశ్నలు. ఇక మా వీధికి అనుమానమెందుకుంటుంది? పెళ్ళిసంబంధం వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పాలో మా వీధిలో ఎవరికీ నేర్పక్కర్లేదు. కోటేష్ పొలం ఇచ్చాడు, ఇంకొకరు బోరు వేశారు, బసవమ్మత్త డాబాకి ఇటుక తోలించేసింది.

ఆర్.ఐ. గారు తల పట్టుకున్నాడు. నవ్వాలో విసుక్కోవాలో ఆయనకీ తెలియలేదు. ఒకసారి రాసి పంపింది ఊరికే కొట్టెయ్యడానికి లేదట. మళ్ళీ వస్తాను, వచ్చే గురువారం, తలారితో వస్తాను. ఆ రోజు చెప్పినవాళ్ళే ముందుకొచ్చి నా ఎదట నిజం చెప్పి పంచనామా మీద సంతకాలు పెడితే పత్రం ఇస్తాను అన్నాడు. బయటికొచ్చాక నాన్న ఆటో ఎక్కబోతూ, "నాలుగెకరాలన్నారా?" అన్నాడు. ఆ ముఖంలో చిన్న వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. నా చదువు పోయేలా ఉంటే ఈయన లేని పొలం తలుచుకుని మురుస్తున్నాడేమిటి అనుకున్నాను.

కోటేష్‌కీ మిగతావాళ్ళకీ నాన్నే వెళ్ళి చెప్పాడు. మాకేమీ లేదని చెప్పండయ్యా అని గడప గడపకీ తిరగడం ఎంత కష్టమో నాకప్పుడు తట్టలేదు. బసవమ్మత్త దగ్గరికి నేను వెళ్ళాను. అమ్మ ఊళ్ళో లేదు, ఉన్నా వెళ్ళదు కదా. అరుగు మీద పొన్నగంటికూర ఏరుతూ కూర్చుని ఉంది. సంగతి విని కూర పక్కన పెట్టింది. ఆయన ఆఫీసరని తెలిస్తే నోరిప్పేదాన్ని కాదు గదే అని నొచ్చుకుంది. మాటలే లేని ఇంటిని అంతలా ఎందుకు పొగిడావని అడిగాను.

"మాటల్లేకపోవటం మీ అమ్మకీ నాకూ. ఆడపిల్ల సంగతి అడిగితే తక్కువ చేసి చెప్తామంటే? రేపు నా మనవరాలిని అడిగితే మీ అమ్మ మాత్రం చెప్పదూ?"

చెబుతుందనే అనిపించింది. నాకు ఆ లోకం అర్థం కాలేదు, మాటలు మానేస్తారు, ఆడపిల్ల పరువు మాత్రం కాస్తారు. గురువారం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పమని బతిమాలాను.

"అన్నీ చెప్పమంటావా?" అంది.

"అన్నీ చెప్పు. ఒక్కటి కూడా దాచొద్దు."

"మీ అమ్మనడిగే అంటున్నావా?"

అమ్మనడిగేదేముంది, నా స్కాలర్‌షిప్పు కదా అన్నాను. బసవమ్మత్త నావంక చాలాసేపు చూసి, మళ్ళీ కూర ఏరుకోవడం మొదలుపెట్టింది. ఆ చూపేమిటో నాకు తెలియలేదు. ఆ రాత్రే గుంటూరు నుంచి వచ్చిన అమ్మకి చెబితే ముఖం పాలిపోయింది. ఆవిడెందుకు, కోటేష్ చాలడా అని ఒకటికి నాలుగుసార్లు అంది. ఇంకా ఆ మునగకొమ్మ పట్టుకుని వేలాడుతోందని కసురుకున్నాను.

గురువారం తలారి ముందు, ఆర్.ఐ. గారు వెనక వచ్చారు. మా ఇంటి ముందు కుర్చీ వేశాం. అమ్మ లోపల తలుపు చాటున ఉంది. ముందు కోటేష్ లేచాడు. నాలుగెకరాలు తను పుట్టించినవే అని ఒప్పుకున్నాడు. కౌలు రెండెకరాలేనండి, కిందటేడు మిరపకి బొబ్బర తెగులు తగిలి కాయే దిగలేదండి అన్నాడు. అక్కడితో ఆగుతాడనుకున్నాను.

"ఎడ్లు కూడా లేవండి. ఉగాదప్పుడే అమ్మేశాడు. మేతకి పంపానంటాడు గానీ, కొన్నాయన మా షాపు ముందు నుంచే తోలుకుపోయాడు."

నేను నాన్నవైపు చూశాను. ఆయన తన కాళ్ళు చూసుకుంటున్నాడు. ఆరు నెలలుగా ఎడ్లు ఎలా ఉన్నాయంటే బాగున్నాయనే చెబుతున్నాడు నాతో. ఊరందరికీ అదే చెప్పాడు. ఊరందరికీ తెలుసు, ఒక్కళ్ళూ ఆయనతో తెలుసని అనలేదు. నాలుగెకరాలని వింటే ఆ ముఖం ఎందుకు వెలిగిందో అప్పుడు తెలిసి సిగ్గేసింది.

ఆర్.ఐ. గారు రాసుకుంటూ, ఇంకొక్క విషయం అన్నాడు. గుంటూరులో ఆమె అక్కగారి మేడ సంగతేమిటి, అక్కడి నుంచి డబ్బు సాయం ఉందా అని బసవమ్మత్తని అడిగాడు. ఆవిడ లేచి నిలబడింది. మా గుమ్మం వైపు ఒకసారి చూసింది, నావైపు ఒకసారి చూసింది.

"మేడా లేదు, విశ్రాంతీ లేదయ్యా. అక్కచెల్లెళ్ళిద్దరూ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీస్తారు. ఊళ్ళో కూలికెళితే రైతు పెళ్ళాం కూలికొచ్చిందంటారని ఈ పిల్ల తల్లి నాంచారమ్మ గుంటూరు పోతది. వచ్చిన రోజు చేతులు మండి పెరట్లో నీళ్ళతొట్టిలో పెట్టుకుని కూర్చుంటది. గోడవతల ఉన్నదాన్ని, నాకు కనపడదా? మాటల్లేవు గదా, అడగలేను. మజ్జిగ, వెన్న గోడమీద పెట్టి పోతన్నా."

నాకు ఒకటొకటే గుర్తొస్తోంది, గోడ మీద గిన్నె, పమిట కింద చేతులు. ఏడాదిగా నేనున్న ఊళ్ళోనే, నా హాస్టలుకి నాలుగు మైళ్ళ దూరంలో అమ్మ మిరపకాయల రాశి ముందు కూర్చుని ఉంటే, నేను అన్నం మానేసి మరీ ఆవిడ మీద అలిగాను. అన్నీ చెప్పమన్నది నేనే. చెప్పించింది నేనే. ఆ క్షణంలో ఆ స్కాలర్‌షిప్పు పోతే పోయిందనిపించింది, పోతే ఆవిడ చేతులు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి కదా అని కూడా అనిపించింది.

ఆర్.ఐ. గారు నా ఫారం తీశాడు. "తల్లి వృత్తి గృహిణి అని ఉందమ్మా. ఇది రాసిందెవరు?"

నేనేనన్నాను.

"కొట్టేసి కూలి అని రాయి. పక్కన సంతకం పెట్టు."

కలం తీసుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు. అప్పుడు అమ్మ గడప దాటి బయటికొచ్చింది. నావైపు గానీ ఆర్.ఐ. గారి వైపు గానీ చూడలేదు. ఆరేళ్ళ తర్వాత మొదటి మాట బసవమ్మత్తతో అంది.

"వదినా, ఆయన ఎండనబడి వచ్చాడు. మజ్జిగుంటే తెచ్చియ్యి." తర్వాత నాతో, "రాయవే. నిజమేగా," అంది.

రాశాను. రెండే అక్షరాలు, సరిగ్గా కుదరలేదు. పంచనామా మీద కోటేష్ సంతకం పెట్టాడు, బసవమ్మత్త వేలిముద్ర వేసింది. జనవరిలో నా పేరు పెద్ద జాబితాలోకి ఎక్కింది. మూడో ఏడు కూడా అదే ఫారం నింపాను, ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఆగలేదు.

ఆ గురువారం అందరూ వెళ్ళిపోయాక అమ్మ పెరట్లో తొట్టి దగ్గర కూర్చుంది. ఇక దాచేదేమీ లేదు కదా, చేతులు బాహాటంగానే నీళ్ళలో పెట్టింది. వేళ్ళు వాచి, గోళ్ళ చుట్టూ ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు హాస్టల్లో జడ ఎందుకు వెయ్యలేదని అడిగాను. "కడిగినా పోదే అది. నీ మాడు మండిద్ది, కళ్ళు మండుతయ్యి," అంది. నేను లోపలికి వెళ్ళి దువ్వెన, నూనె సీసా తెచ్చి ఆవిడ ముందు కూర్చున్నాను. వద్దే, ఇంకా నాలుగు రోజులు పోనీ అంది. మండితే మండనీ అన్నాను.

అమ్మ చేతులు తుడుచుకుని నూనె పోసుకుంది. మెల్లగా మూడు పాయలు తీసి జడ అల్లింది. నిజంగానే మండింది. చాలాసేపు మండింది, నేను తల తిప్పకుండా కూర్చున్నాను.